ముందు డబ్బా, తర్వాతే బీరువా

కొన్నేళ్ల కిందట మాఘంలో ఒక రాత్రి తొమ్మిదింటికి నరసరావుపేట ఫొటోగ్రాఫరు ఫోన్ చేశాడు. "అన్నా, పెళ్లి ఫొటోల లింకు పెట్టా. ఎల్లుండి పొద్దునకల్లా షీట్లు చూపించమంటున్నారు. పెళ్లికూతురు అమెరికా వెళ్లిపోతోందంట" అన్నాడు. 3,500 ఫొటోలు. ఒక్కో రా ఫైలు 28 ఎంబీ. అంతా కలిపితే 98 జీబీ. నొక్కాను. కంప్యూటర్ లెక్కేసి చెప్పింది: ఇంకా 13 గంటల 36 నిమిషాలు.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వెనక గదే నా దుకాణం. ముహూర్తాలున్న నెలల్లో వారానికి మూడు నాలుగు పెళ్లిళ్లు వచ్చిపడతాయి. మాఘం, ఫాల్గుణం, శ్రావణం నాకు కోతల కాలం లాంటివి. ఆ నెలల్లో నెట్ స్లో అయిందంటే కళ్లంలో ధాన్యం తడిసినట్టే. అందుకే ఈ విషయం మీద రెండేళ్లు పట్టుదలగా కూర్చున్నాను. తెలుసుకున్నది మీకు చెబుతాను. కొన్ని సలహాలు మీ ఇంట్లోవాళ్లకి నచ్చవు. మా ఇంట్లోనూ నచ్చలేదు. అయినా చేయాల్సిందే. నెట్ మన ఇంటికి సర్దుకోదు, మన ఇల్లే నెట్‌కి సర్దుకోవాలి.

మొట్టమొదట అంకెలు తెలుసుకోండి. ప్లాను 100 ఎంబీపీఎస్ అని ఉంటుంది. ఫైలు దిగేటప్పుడు కంప్యూటర్ 12 ఎంబీ అని చూపిస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోయామనుకుని గొడవకి దిగుతారు. అది మోసం కాదు. నెట్ అమ్మేవాడు బిట్లలో చెబుతాడు, కంప్యూటర్ బైట్లలో చూపిస్తుంది. 8 బిట్లు ఒక బైటు. కొట్టువాడు అణాల్లో చెప్పిన ధరని మనం రూపాయల్లో విన్నట్టు. 100ని 8తో భాగిస్తే 12.5. అంటే నా 98 జీబీ, ప్లానులో ఉన్న వేగమే నిజంగా వస్తే, 2 గంటల 10 నిమిషాల్లో దిగిపోవాలి. 13 గంటలు పట్టిందంటే సెకనుకి 2 ఎంబీ, అంటే 16 ఎంబీపీఎస్ మాత్రమే నా కుర్చీ దాకా వస్తోందన్నమాట. మిగతా 84 ఎక్కడ పోతోంది? ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

"నెట్ స్లోగా ఉందండీ" అని ఎవరికీ ఫోన్ చేయకండి. ఆ మాటకి విలువ లేదు. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు 256 కేబీపీఎస్ ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అంది. 2013లో 512 చేశారు. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ చేశారు. అంటే మీకు 3 ఎంబీపీఎస్ వస్తున్నా కాగితం మీద మీది బ్రాడ్‌బ్యాండే. అంకె చెప్పండి, ఏ టైముకి ఎంత వచ్చిందో చెప్పండి. అందుకు ఒక నోటు పుస్తకం పెట్టండి. వారం రోజులు, రోజుకి ఎనిమిది సార్లు, మూడు గంటలకొకసారి రాయండి. అర్ధరాత్రి పన్నెండూ, తెల్లవారుజాము మూడూ కూడా అందులో ఉంటాయి. అలారం పెట్టుకుని లేవండి. వారమంతా నిద్ర చెడుతుంది, నిజమే. కానీ ఆ పుస్తకం లేకుండా మీరు చేసే ప్రతి పనీ చీకట్లో బాణమే.

రాసేటప్పుడు రెండు అంకెలు రాయండి. స్పీడ్ టెస్ట్‌లో వచ్చినది ఒకటి, నిజంగా ఫైలు దిగుతున్న వేగం ఒకటి. స్పీడ్ టెస్ట్ మామూలుగా మనకి దగ్గర్లో ఉన్న సర్వర్‌ని పట్టుకుంటుంది, చాలాసార్లు అది మనకి నెట్ ఇచ్చేవాడి దగ్గరే ఉంటుంది. వీధి చివరిదాకా రోడ్డు బాగుందని అది చెప్పగలదు. ఊళ్ల మధ్య రోడ్డు సంగతి దానికి తెలియదు.

తర్వాత సుద్దముక్క తీసుకోండి. ఇది నేను కనిపెట్టుకున్న పద్ధతి, దీనికి మించినది లేదు. ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని వైఫై డబ్బా దగ్గర నిలబడి వేగం చూసి, అక్కడ నేల మీద అంకె వేయండి. మూడడుగులు నడవండి, మళ్లీ చూడండి, మళ్లీ వేయండి. ఇల్లంతా ఇలా తిరగండి. మా ఇంట్లో డబ్బా పక్కన 94. హాలు గుమ్మం దగ్గర 71. పడకగదిలో అడుగుపెట్టగానే 58. ఆ గది నైరుతి మూలనున్న బీరువా దాటగానే 22. ఆ వెనక గోడ దాటి నా కుర్చీ దగ్గరికొచ్చేసరికి 16. సాయంత్రానికి నేలంతా తెల్లటి అంకెలు, ముగ్గు పెట్టినట్టు. మా ఆవిడ వాటిని తుడవబోతే ఆపాను. నాలుగు రోజులు ఉంచాను. దొంగ దొరికిన చోటు అది మరి.

58 నుంచి 22కి పడిపోయింది ఒక్క బీరువా వల్ల. వైఫై అంటే రేడియో తరంగం. ఇనుము దాన్ని వెనక్కి కొడుతుంది. నీళ్లు దాన్ని తాగేస్తాయి. ఇటుక గోడ కొంత తింటుంది, ఇనుప చువ్వలున్న స్లాబు ఇంకా తింటుంది. అద్దం వెనక ఉండే లోహపు పూత కూడా అడ్డమే. మన ఇళ్లల్లో చూడండి: బీరువా, ఫ్రిజ్, స్టీలు బియ్యం డ్రమ్ము, 20 లీటర్ల నీళ్ల టిన్ను, చేపల తొట్టి, నిలువుటద్దం. డబ్బాకీ కంప్యూటర్‌కీ మధ్య గీత గీస్తే ఆ గీత మీద వీటిలో కనీసం రెండు ఉంటాయి. వాటిని తీసేయండి.

ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది. మా అత్తగారు "నైరుతిలో బరువుండాలి బాబూ, బీరువా కదపకూడదు" అన్నారు. ఆవిడ మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. కానీ ఇల్లు కట్టేటప్పుడు ఈశాన్యం చూశారు, ఆగ్నేయంలో పొయ్యి చూశారు, డబ్బా ఎక్కడుండాలో ఎవరూ చూడలేదు. అప్పుడు డబ్బా లేదు. ఇప్పుడు ఉంది, ఇంట్లో మూడు ప్రాణులు దాని మీద బతుకుతున్నాయి. నలుగురు కూలీలని పిలిచి బీరువాని పడమటి గోడకి జరిపించాను. గోడ దాకా 22 ఉన్నది 48 అయింది. అత్తగారు తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. నేను చేసింది తప్పని ఈరోజుకీ అనుకోవడం లేదు. కొత్త ఇంట్లోకి వెళుతున్నవాళ్లకి నా సలహా ఇదే: పాలు పొంగించాక మొదట డబ్బా స్థానం నిర్ణయించండి. మంచం, బీరువా, ఫ్రిజ్ ఆ తర్వాత.

ఆ స్థానం ఏది? నూటికి తొంభై ఇళ్లల్లో డబ్బా టీవీ వెనక ఉంటుంది, లేదంటే వీధి గుమ్మం పైన మూలలో, కేబుల్ అబ్బాయికి ఎక్కడ సులువైతే అక్కడ. ఆ అబ్బాయి బిగించి వెళ్లిపోతాడు, మనం ఏళ్ల తరబడి అనుభవిస్తాం. డబ్బా ఇంటి నడిమధ్యన, మనిషి తల ఎత్తున, చుట్టూ ఖాళీగా ఉండాలి. నిలువుగా నిలబెట్టిన ఏంటెన్నా తన పక్కలకి బలంగా పంపుతుంది, తల మీదకీ కాళ్ల కిందకీ బలహీనంగా పంపుతుంది. ఒకే అంతస్తు ఇల్లయితే నిటారుగా పెట్టండి. నేను ఏం చేశానంటే, ఫైబర్ వచ్చే పెట్టెని గోడకే ఉంచి, రౌటర్‌ని విడిగా తీసి, హాలు మధ్యలో పాప చిన్నప్పుడు ఉయ్యాల కట్టిన కొక్కేనికి వేలాడదీశాను. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది. చుట్టాలు అడుగుతారు. జవాబు చెప్పండి, వాళ్లూ నేర్చుకుంటారు.

డబ్బాలో రెండు రకాల వైఫై ఉంటుంది, 2.4 అనీ 5 అనీ. 2.4 దూరం పోతుంది, నెమ్మది. 5 జోరుగా ఉంటుంది, రెండో గోడకే నీరసిస్తుంది. డబ్బా ఉన్న గదిలో 5, అవతల గదుల్లో 2.4. అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు 2.4లో ఛానెల్ కూడా చూసుకోవాలి. 1, 6, 11 మాత్రమే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటాయి. పక్క ఫ్లాట్లవాళ్లు ఏ ఛానెల్లో ఉన్నారో ఫోన్లో చూసి, తక్కువ రద్దీ ఉన్నది పెట్టుకోండి. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. అందుకని నేను పని మీద ఉన్నంతసేపు మా ఇంట్లో దాన్ని వాడరు. కూర గిన్నె స్టవ్ మీద పెట్టి వేడి చేసుకుంటే నాలుగు నిమిషాలు పడుతుంది, అంతే కదా.

ఇంత చెప్పాక అసలు మాట. ఇదంతా ఫోన్ల కోసం. పని చేసే కంప్యూటర్‌ని వైఫై మీద నడపకండి. తీగ లాగండి.

గోడకి చిల్లు పెట్టడానికి జనం ఎందుకంత భయపడతారో నాకు అర్థం కాదు. ఏసీకి పెడతాం, గీజర్‌కి పెడతాం, దేవుడి పటాలకి పెడతాం. మాది పాత ఇల్లు, తొమ్మిదంగుళాల గోడ, సున్నంతో కట్టినది. 14 మిల్లీమీటర్ల పొడుగు బిట్టు వేసి డ్రిల్ చేయించాను. సన్న చిల్లు పెడితే తీగ చివరనుండే ప్లాస్టిక్ మూతి దూరదు. బయట గోడైతే చిల్లుని లోపలి నుంచి బయటికి కాస్త వాలుగా పెట్టండి, లేకపోతే వాన నీళ్లు తీగ వెంబడి ఇంట్లోకి వస్తాయి. ముందుగా గోడలో కరెంటు వైర్లు ఏ దారిన పోతున్నాయో స్విచ్‌బోర్డుల వరస చూసి నిర్ధారించుకోండి. తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. క్యాట్ 5ఇ రకం తీగ చాలు, 100 మీటర్ల దాకా 1,000 ఎంబీపీఎస్ మోస్తుంది. ఇంత పొడుగు ఇల్లు మనలో ఎవరికీ లేదు.

తీగ తొక్క ఒలిస్తే లోపల ఎనిమిది సన్నని తీగలు, జంటలు జంటలుగా పురివేసి ఉంటాయి. వాటిని విప్పి, వేలితో సాపు చేసి, వరసగా పేర్చాలి. తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎక్కాలు అప్పజెప్పించినట్టు మా పాపకి అప్పజెప్పించాను. ఆరో తరగతి పిల్ల, ఇప్పుడు నిద్రలో లేపినా చెబుతుంది. ఎనిమిదింటినీ ఒకే పొడుగున కత్తిరించి, మూతిలోకి చివరిదాకా తోసి, క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. నొక్కేముందు మూతి కొసని వెలుతురుకి పెట్టి చూడండి. ఎనిమిది రాగి చుక్కలూ కనిపించాలి. నాకు మొదటిసారి ఏడే కనిపించాయి. చివరి గోధుమ రంగుది అర సెంటీమీటరు వెనకే ఆగిపోయింది. ఏం కాదులే అని నొక్కేశాను.

అయింది. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు తీగలు చాలు. 1,000 కావాలంటే ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింట్లో ఒక్కటి తెగినా కంప్యూటరూ డబ్బా మాట్లాడుకుని 100కి దిగిపోతాయి. నెట్ ఆగదు కాబట్టి మనకి తెలియదు. కంప్యూటర్లో నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళితే లింకు వేగం అని ఉంటుంది, అక్కడ 1000 ఉండాలి. 100 ఉంటే తీగలో తప్పుంది, లేదంటే మీ డబ్బాయే పాతది, దాని మూతులు 100వి. నెలనెలా 300 ఎంబీపీఎస్ ప్లానుకి డబ్బు కడుతూ, ఏడు తీగల మూతితో 94, 95 దగ్గర ఆగిపోయి, ఇంకా పెద్ద ప్లాను కోసం చూస్తున్నవాళ్లు ఎంతమందో. అందుకే చెబుతున్నాను, ప్లాను పెంచకండి. సుద్దముక్క పని, బీరువా పని, చిల్లు పని అయ్యేదాకా ప్లాను జోలికే వెళ్లకండి. ఇరుకు గొట్టానికి పెద్ద ట్యాంకు కట్టి లాభం లేదు.

ఈలోగా నలుగురూ నాలుగు చిట్కాలు చెబుతారు. వాటిని వినకండి. నాకు చెప్పనివాళ్లు లేరు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి పదిసార్లు రిఫ్రెష్ కొట్టమంటారు. అది తెర మీది బొమ్మల్ని తిరిగి గీయడం, నెట్‌కీ దానికీ సంబంధమే లేదు. విండోస్ మన వేగంలో 20 శాతం దాచుకుంటుంది, ఫలానా చోట సున్నా పెట్టు అంటారు. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి తిరుగుతున్న మాట ఇది. అలా ఏదీ దాచిపెట్టి ఉండదని మైక్రోసాఫ్టే చెప్పింది, ఆ వాటా వాడేవాళ్లు లేనప్పుడు మనకే వస్తుంది. డీఎన్ఎస్ మార్చమంటారు. డీఎన్ఎస్ అంటే ఊళ్లో చిరునామా చెప్పేవాడు. చిరునామా త్వరగా చెబితే బండి త్వరగా బయల్దేరుతుంది, అంతేగానీ రోడ్డు మీద జోరుగా పోదు. 98 జీబీలో చిరునామా అడిగే సమయం సెకను కూడా ఉండదు. ర్యామ్ శుభ్రం చేసేవి, నెట్ బూస్టర్లు అని ఉచితంగా దొరికేవి అసలే వద్దు. వాటితోపాటు ఏమేం లోపలికి వస్తాయో మీకు తెలియదు.

బయటి నుంచి వచ్చే తీగని ఒకసారి చూసి రండి. పసుపు రంగు సన్న తీగ, ఆకుపచ్చ మూతి ఉంటే అది ఫైబర్. లోపల జుట్టంత గాజు, అందులో వెలుతురు పోతుంది. దాన్ని మడతపెడితే వెలుతురు మడత దగ్గర బయటికి కారిపోతుంది. మా ఇంట్లో అది సోఫాకీ గోడకీ మధ్య నలిగి ఉంది. లైన్ చూసే అబ్బాయి వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, "పవర్ ఎంతొస్తోంది బాబూ?" అని అడిగాను. మీటర్ పెట్టి "మైనస్ 26.8 సార్" అన్నాడు. మైనస్ 27 దాటితే ఈ డబ్బాలకి చూపు ఆనదు. సోఫా జరిపి తీగని పెద్ద చుట్టగా వదులుగా చుట్టి మేకుకి తగిలిస్తే మైనస్ 21కి వచ్చింది. ఆ సోఫా ఇప్పుడు గది మధ్యలోనే ఉంది, గోడకి ఆనించనివ్వను. ఊడిన ఫైబర్ కొసలోకి మాత్రం ఎప్పుడూ కన్ను పెట్టి చూడకండి. ఆ వెలుతురు కంటికి కనబడదు, అయినా ఉంటుంది. డబ్బా మీద ఎర్ర దీపం మినుకుమినుకుమంటే తప్పు ఆ ఫైబర్ లైనులోనే. అప్పుడు ఇంట్లో ఏదీ కదపకండి, ఫోన్ చేయండి.

ఇక మనుషుల సంగతి.

డౌన్‌లోడ్ అంటే అవతలి నుంచి రావడం ఒక్కటే అనుకుంటాం. కాదు. వచ్చిన ప్రతి కొన్ని ముక్కలకీ మన కంప్యూటర్ "అందింది" అని తిరుగు జాబు రాయాలి, మొన్నటిదాకా రిజిస్టర్డ్ పోస్టులో వెనక్కి వెళ్లే కార్డులాగా. ఆ కార్డు ఆలస్యమైతే అవతలివాడు తర్వాతి ముక్కలు పంపడం తగ్గిస్తాడు. ఇంట్లో ఎవరి ఫోనో పెళ్లి వీడియోలని మేఘాల్లోకి ఎక్కిస్తూ ఉంటే, పైకి వెళ్లే దారంతా దానితోనే నిండిపోయి, మన కార్డులు క్యూలో నిలబడతాయి. మా ఆవిడ ఫోన్ ప్రతి రాత్రీ అదే పని చేస్తోందని కనిపెట్టడానికి నాకు ఐదు నెలలు పట్టింది. విండోస్ కూడా తక్కువ తినలేదు. డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటి ఉంది, మనం దింపుకున్న అప్‌డేట్లని మన నెట్ మీదే ఊళ్లోవాళ్లకి పంచిపెట్టగలదు. సెట్టింగుల్లో ఇతర పీసీలకి అనుమతి అన్నచోట ఆపేయండి.

ఫోన్ల విషయంలో మా ఇంటి పద్ధతి చెబుతాను. పెద్ద ఫైలు దిగేటప్పుడు హాల్లో ఇత్తడి పళ్లెం పెడతాను. అందరి ఫోన్లూ ఏరోప్లేన్ మోడ్‌లో ఆ పళ్లెంలోకి వస్తాయి. గుమ్మం బయట చెప్పులు విడిచినట్టే. చుట్టాలొచ్చినా అంతే. మా బావమరిది ఒకసారి నొచ్చుకున్నాడు, "ఏంటి బావా, వైఫై పాస్‌వర్డ్ కూడా ఇవ్వవా" అని. ఇవ్వనన్నాను. అన్నం పెడతాను, పక్క వేస్తాను, పాస్‌వర్డ్ మాత్రం శ్రావణం వెళ్లాక.

రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా పెద్ద ఫైలు జోలికి వెళ్లకండి. మీ నోటు పుస్తకమే మీకు ఈ మాట చెబుతుంది. నా పుస్తకంలో రాత్రి తొమ్మిదికి 31, తెల్లవారుజాము మూడింటికి 95. మన వీధికి వచ్చే ఫైబర్ ఒక్కటే. దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీల్చి ఇస్తారు. ఆ ఒక్కదాని మీద కిందికి వచ్చేది దాదాపు 2,500 ఎంబీపీఎస్. 64 ఇళ్లూ ఒకేసారి లాగితే ఇంటికి 39 చొప్పున. అందరూ ఒకేసారి అంత లాగరు గానీ, ఊరి నుంచి బయటికి వెళ్లే లైను కూడా ఆ వేళే కిక్కిరిసి ఉంటుంది. అందుకే బ్రాహ్మీ ముహూర్తం మన ముహూర్తం. మూడున్నరకి లేచి, మొహం కడుక్కుని, నాలుగింటికి లింకు నొక్కండి. పక్కనే కూర్చోండి. టైమర్ పెట్టి పడుకోవచ్చు కదా అని మా పాప అంటుంది. ఒప్పుకోను. పెద్ద ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్ 2 జీబీ మూటలుగా కట్టి పంపుతుంది. 98 జీబీ అంటే 49 మూటలు. వాటిలో 31వ మూట మధ్యలో ఆగిపోతే నిద్రపోతున్నవాడికి ఎలా తెలుస్తుంది? విప్పేటప్పుడు తలంబ్రాలు మొత్తం లేవని తెలుస్తుంది. కాగితం మీద ఒక్కో మూటకీ ఒక గీత గీస్తూ లెక్కపెట్టండి.

ఇంత చేసినా ఒకే ఒక సైటు నెమ్మదిగా వస్తుంటే ఇంటిని అనకండి. సర్వర్ సముద్రాల అవతల ఉంటే "అందింది" కార్డు వెళ్లి రావడానికే సెకనులో పావు వంతు పడుతుంది. అలాంటప్పుడు ఫైలుని ఎనిమిది ముక్కలుగా ఒకేసారి లాగే డౌన్‌లోడ్ మేనేజర్ నిజంగానే పనిచేస్తుంది. 2008 జనవరి ఆఖర్లో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో కేబుళ్లు తెగి దేశమంతా నెట్ నీరసించింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో మళ్లీ తెగాయి. అలాంటి వారంలో గోడకి చిల్లు పెట్టి ప్రయోజనం లేదు.

ఇప్పుడు నా ఆఖరి సలహా. అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. ప్లాను పెంచడానికి పెట్టే డబ్బుతో 1 టీబీ హార్డ్ డిస్క్ కొనుక్కుని బస్సెక్కండి.

లెక్క చూడండి. నరసరావుపేట మాకు 45 కిలోమీటర్ల పైచిలుకు. పల్లెవెలుగు బస్సులో గంటంపావు. నిండిన 1 టీబీ డిస్క్‌ని గంటంపావులో మోస్తే 1,700 ఎంబీపీఎస్ పైమాటే. సంచిలో రెండు డిస్కులుంటే దానికి రెట్టింపు. ఎక్కించుకోవడానికీ దింపుకోవడానికీ పట్టే సమయం కలపాలి, నిజమే. సెకనుకి 100 ఎంబీ చొప్పున రాసే మామూలు డిస్క్ మీద 98 జీబీ ఎక్కడానికి 16 నిమిషాల పైచిలుకు. బస్సుకి ఛానెల్ రద్దీ లేదు, బీరువా అడ్డం లేదు, 31వ మూట ఆగిపోవడం లేదు.

ఆ మాఘం రాత్రి డౌన్‌లోడ్ అలా నడుస్తుండగానే పడుకుని, తెల్లవారుజామున ఐదింటి బస్సు పట్టుకున్నాను. ఆరుంబావుకి నరసరావుపేటలో దిగాను. ఫొటోగ్రాఫరు లుంగీతోనే తలుపు తీశాడు. డిస్క్ ఎక్కుతున్నంతసేపూ టీ తాగాం. ఆరూ యాభైకి తిరుగు బస్సు. ఎనిమిదింబావుకి మా వెనక గదిలో డిస్క్ గుచ్చి పెళ్లికూతురి మొదటి ఫొటో తెరిచాను. తెర మీద మూలగా, రాత్రి నొక్కిన డౌన్‌లోడ్ ఇంకా 2 గంటల 20 నిమిషాలు చూపిస్తోంది.